మెటియాబ్రుజ్: రెండోసారి కట్టిన లక్నో

పాత కథను ఎవరైనా మళ్లీ కొత్తగా తయారు చేస్తే మనం ముందుగా అడిగే ప్రశ్న ఒకటే: "పాతదానిలా ఉందా?" 1957 నాటి 'మాయాబజార్' 2010లో రంగులద్దుకుని థియేటర్లకు వచ్చినప్పుడు తెలుగు ప్రేక్షకులు ఈ ప్రశ్నే వేశారు. నలుపు తెలుపుల్లో ఉన్న వెన్నెల రంగుల్లో నిలిచిందా లేదా అని ఇంటింటా వాదించుకున్నారు. ఇప్పటి యువతరం ఇదే వాదనను మరోచోట సాగిస్తోంది. జపాన్‌లో తయారైన రోల్ ప్లేయింగ్ వీడియో గేమ్‌ల గురించి మీ ఇంట్లో పిల్లలు మాట్లాడుకోవడం మీరు వినే ఉంటారు. ఆడేవాడు కథలోని పాత్రను తన చేతిలోకి తీసుకుని, ఊళ్లు తిరుగుతూ, శత్రువులతో పోరాడుతూ పదుల గంటలపాటు నడిపించే ఆటలివి. 1980లలో, 1990లలో వచ్చిన ఇటువంటి ఆటలను ఇప్పుడు కొత్త యంత్రాల కోసం మళ్లీ తయారు చేస్తున్నారు. అభిమానులు పాతదాన్నీ కొత్తదాన్నీ పక్కపక్కన పెట్టి, సంగీతం మారిందా, సంభాషణ మారిందా, పోరాటం తీరు మారిందా అని గీటుగీటునా పోలుస్తున్నారు.

పెద్దవాళ్లకు ఇది పనిలేని చాదస్తంగా కనిపించవచ్చు. కానీ ఈ చాదస్తం వెనుక చరిత్ర విద్యార్థులు తప్పక ఆలోచించవలసిన ప్రశ్నలు మూడున్నాయి. అసలు 'మొదటిది' అని దేన్నంటాం? మళ్లీ తయారు చేసేవాడు దేన్ని నిలుపుకోవాలి, దేన్ని వదులుకోవచ్చు? మొదటిది కనుమరుగైపోతే రెండోదాన్ని దేనితో పోల్చాలి? ఈ మూడు ప్రశ్నలకూ మన దేశ చరిత్రలోనే ఒక గొప్ప ఉదాహరణ ఉంది. కోల్‌కతా నగరంలో హుగ్లీ నది ఒడ్డున ఉన్న మెటియాబ్రుజ్‌లో ఒక రాజు తాను పోగొట్టుకున్న నగరాన్నే మళ్లీ తయారు చేయబూనాడు. ఆ కథను ఈ పాఠంలో పరిశీలిద్దాం.

మట్టిబురుజు పేట

ముందు పేరు సంగతి చూద్దాం. 'మెటియా బురుజ్' అంటే మట్టితో కట్టిన బురుజు. తెలుగువాళ్లకు ఈ మాట విడమరిచి చెప్పనక్కరలేదు. మన కోటల గోడల మీద బురుజులున్నట్టే, నదిలో వచ్చిపోయే నావలను కనిపెట్టడానికి ఒకప్పుడు ఇక్కడ మట్టి బురుజు ఉండేది. పంతొమ్మిదో శతాబ్ది నడిమికి ఈ నదీతీరాన్ని ఇంగ్లీషువారు గార్డెన్‌రీచ్ అని పిలిచేవారు. కలకత్తాలోని దొరలు, కంపెనీ ఉద్యోగులు, న్యాయమూర్తులు ఇక్కడ విశాలమైన తోటల నడుమ బంగళాలు కట్టుకున్నారు.

1856 మే నెలలో ఈ రేవుకు ఒక స్టీమరు వచ్చింది. అందులో అవధ్ రాజ్యపు చివరి పాలకుడు వాజిద్ అలీ షా ఉన్నాడు. ఆయన 1822లో లక్నోలో పుట్టాడు, 1847లో సింహాసనమెక్కాడు. కవి, గాయకుడు, నాట్యం తెలిసినవాడు. 'అఖ్తర్' అనే కలం పేరుతో రాసేవాడు. 1856 ఫిబ్రవరిలో గవర్నర్ జనరల్ డల్హౌసీ పాలన సరిగా లేదన్న కారణం చూపి అవధ్‌ను కంపెనీ రాజ్యంలో కలిపేశాడు. రెసిడెంటు జేమ్స్ ఔట్రమ్ తెచ్చిన కొత్త ఒడంబడిక మీద సంతకం చేయడానికి రాజు ఒప్పుకోలేదు. తన తలపాగా తీసి ఔట్రమ్ చేతుల్లో పెట్టాడు. అంటే, ఇక నా దగ్గర ఇవ్వడానికి ఏమీ లేదని చెప్పడం. ఫిబ్రవరి 7న విలీనం ప్రకటించారు. మార్చి 13న రాజు లక్నో విడిచాడు.

ఆయన ఉద్దేశం కలకత్తాలో స్థిరపడడం కాదు. అక్కడినుంచి లండన్ వెళ్లి విక్టోరియా రాణి ఎదుట తన మొర వినిపించుకోవాలని బయలుదేరాడు. ఆరోగ్యం సహకరించకపోవడంతో తాను ఆగిపోయి తల్లి మలికా కిశ్వర్‌ను పంపాడు. ఆమె లండన్ చేరింది గాని పని నెరవేరలేదు. తిరుగు ప్రయాణంలో 1858 జనవరిలో పారిస్‌లో కన్నుమూసింది. ఆమె సమాధి అక్కడి పేర్ లాషేజ్ శ్మశానవాటికలో ఉంది.

ఈలోగా 1857 తిరుగుబాటు వచ్చింది. లక్నోలో రాజు భార్య బేగం హజ్రత్ మహల్, కుమారుడు బిర్జిస్ ఖద్ర్‌ను గద్దెనెక్కించి పోరాటానికి నాయకత్వం వహించింది. ఓడిన తరువాత నేపాల్ చేరి, 1879లో అక్కడే చనిపోయింది. ఇక్కడ కలకత్తాలో వాజిద్ అలీ షాను 1857 జూన్‌లో అరెస్టు చేసి ఫోర్ట్ విలియంలో ఉంచారు. 1859లో విడిచిపెట్టేనాటికి ఆయనకు తిరిగి వెళ్లడానికి రాజ్యం లేదు, లండన్ మీద ఆశ కూడా మిగల్లేదు. చేతిలో ఉన్నవల్లా ఏడాదికి 12 లక్షల రూపాయల పింఛను, నదీతీరాన కొంత భూమి, తలనిండా ఒక నగరపు జ్ఞాపకం. ఈ మూడింటితో ఆయన లక్నోను మళ్లీ కట్టడం మొదలుపెట్టాడు.

నగరానికి నకలు

సుల్తాన్ ఖానా, అసద్ మంజిల్, మురస్సా మంజిల్, నూర్ మంజిల్ వంటి భవనాలు తోటల నడుమ వరసగా లేచాయి. రాజు వెంట వచ్చినవారు, ఆ తరువాత వెదుక్కుంటూ వచ్చినవారు కలిసి వేల సంఖ్యలో అక్కడ స్థిరపడ్డారు. వంటవాళ్లు, దర్జీలు, గాయకులు, నర్తకులు, కవులు, హకీములు, పావురాలు పెంచేవారు, గాలిపటాలు కట్టేవారు, అందరూ వచ్చారు. రాజుకు జంతువుల మీద మోజెక్కువ. పులులు, చిరుతలు, లేళ్లు, వింత పక్షులతో పెద్ద జంతుశాల నడిపాడు. పాముల కోసం ప్రత్యేకంగా ఒక కృత్రిమపు కొండ కట్టించాడు. మంచి పావురాల జత దొరికితే వేల రూపాయలు పోసి కొనేవాడు.

జనం ఈ పేటను 'చిన్న లక్నో' అన్నారు. అక్కడ వినిపించే ఉర్దూ, మర్యాదలు, ముషాయిరాలు, మొహర్రం ఊరేగింపులు, కోడిపందేలు అన్నీ లక్నోవే. ఇక్కడొక చిన్న వివరం మీరు గమనించాలి. 1864లో రాజు మెటియాబ్రుజ్‌లో ఒక ఇమాంబాడా కట్టించాడు. దానికి సిబ్తైనాబాద్ అని పేరు పెట్టాడు. లక్నోలోని హజ్రత్‌గంజ్‌లో అదే పేరుతో మరొక ఇమాంబాడా అంతకుముందే ఉంది. అందులో ఉన్నది ఆయన తండ్రి అమ్జద్ అలీ షా సమాధి. 1887 సెప్టెంబరు 21న వాజిద్ అలీ షా చనిపోయినప్పుడు ఆయనను మెటియాబ్రుజ్ సిబ్తైనాబాద్‌లో ఖననం చేశారు. తండ్రి మొదటిదానిలో ఉన్నాడు, కొడుకు రెండోదానిలో ఉన్నాడు. పేరు ఒక్కటే, మధ్య దూరం వెయ్యి కిలోమీటర్ల దాకా ఉంటుంది. తండ్రి పక్కన చోటు దొరకని కొడుకు, తండ్రి ఉన్నచోటి పేరునైనా తెచ్చుకున్నాడు. దీన్ని వట్టి నకలు అనగలమా?

రాజు తన సొంత రచనలను కూడా మళ్లీ తయారు చేశాడు. యువరాజుగా ఉన్నప్పుడు, 1843 ప్రాంతంలో, రాధాకృష్ణుల కథను పాటతో, నాట్యంతో కలిపి 'రాధా కన్హయ్యా కా కిస్సా' అనే రూపకం చేశాడు. రాసలీల నుంచి వచ్చిన ఈ పద్ధతిని 'రహస్' అనేవారు. ముస్లిం రాజు కృష్ణకథను రంగస్థలమెక్కించడం ఆ కాలపు అవధ్‌లో వింతగా తోచలేదు. మెటియాబ్రుజ్‌లో ఆయన ఆ రహస్‌లను పెంచి, సవరించి, మళ్లీ ఆడించాడు. 1877లో అక్కడే అచ్చు వేయించిన 'బానీ' అనే గ్రంథంలో 36 రకాల రహస్‌లను వర్ణించాడు. ఎవరు ఎక్కడ నిలబడాలో, చేయి ఎలా పట్టుకోవాలో రాసి పెట్టాడు. లక్నోలో ఉన్నంతకాలం నోటిమాటతో నడిచిపోయినదాన్ని ప్రవాసంలో కాగితం మీద పెట్టవలసి వచ్చింది. పోయిందన్న భయం ఉన్నవాడే జాగ్రత్తగా రాస్తాడు.

పోల్చినవాడు: అబ్దుల్ హలీం షరర్

ఈ రెండు నగరాలనూ పోల్చి చూసినవారిలో ముఖ్యుడు అబ్దుల్ హలీం షరర్. 1860లో లక్నోలో పుట్టాడు. ఆయన కుటుంబం రాజుగారి కొలువులో ఉండేది. సుమారు తొమ్మిదేళ్ల వయసులో మెటియాబ్రుజ్ వచ్చి పదేళ్లపాటు అక్కడ పెరిగాడు. తరువాత ఉర్దూలో నవలాకారుడిగా, పత్రికా సంపాదకుడిగా పేరు పొందాడు. ఇరవయ్యో శతాబ్ది రెండో దశకంలో తన పత్రిక 'దిల్‌గుదాజ్'లో లక్నో నాగరికత గురించి వరసగా వ్యాసాలు రాశాడు. 'గుజిష్తా లఖ్నవూ' పేరుతో అవి పుస్తకమయ్యాయి. 1975లో ఇంగ్లీషులోకి కూడా వచ్చాయి. వంటలు, దుస్తులు, నమస్కారం చేసే పద్ధతి, పావురాల రకాలు, తాంబూలం కట్టే తీరు, దేన్నీ ఆయన వదల్లేదు. మెటియాబ్రుజ్‌లో తిరుగుతుంటే బెంగాల్‌లో ఉన్నామన్న సంగతే గుర్తుండేది కాదని ఆయన చెబుతాడు.

ఇప్పుడు తేదీలను ఒకసారి పక్కపక్కన పెట్టి చూడండి. అవధ్ రాజ్యం పోయింది 1856లో. షరర్ పుట్టింది 1860లో. అంటే రాజులున్న లక్నోను ఆయన కళ్లతో చూడనే లేదు. ఆయన పుట్టేనాటికి అసలు లక్నోలో ఏం మిగిలింది? 1858లో ఇంగ్లీషు సైన్యం నగరాన్ని పట్టుకున్నాక వాజిద్ అలీ షా కట్టించిన కైసర్‌బాగ్‌ను దోచుకుంది. తరువాత అందులో చాలా భాగాలను కూల్చేశారు. మరో తిరుగుబాటు వస్తే సైన్యం సులువుగా కదలడానికి ఇంజనీరు రాబర్ట్ నేపియర్ ప్రణాళిక ప్రకారం ఇరుకు వీధుల గుండా వెడల్పాటి రోడ్లు వేశారు. రాజు, కొలువు, కవులు ఉన్న సజీవమైన లక్నోను షరర్ చూసింది మెటియాబ్రుజ్‌లోనే. నకలును చూసినవాడే అసలుకు చరిత్ర రాశాడన్నమాట.

ఇది మన మూడో ప్రశ్నకు తొలి జవాబు. మొదటిది చెడిపోయినప్పుడు రెండోదే దానికి సాక్ష్యమవుతుంది. 'అసలు, నకలు' అనే జంటలో అసలు ఎప్పుడూ గట్టిదనీ నకలు ఎప్పుడూ పలచనిదనీ అనుకోవడానికి వీల్లేదు.

అసలుకు కూడా ఒక అసలు ఉంది

మొదటి ప్రశ్నకు వద్దాం. మెటియాబ్రుజ్‌కు లక్నో మాతృక అయితే, లక్నో దేనికి నకలు? అవధ్ నవాబుల రాజధాని మొదట ఫైజాబాద్‌లో ఉండేది. 1775లో అసఫుద్దౌలా దాన్ని లక్నోకు మార్చాడు. ఢిల్లీ మొగలాయి వైభవం సన్నగిల్లుతున్న రోజులవి. ఢిల్లీ నుంచి కవులు, కళాకారులు, వంటవాళ్లు లక్నోకు వలస వచ్చారు. మహాకవి మీర్ తఖీ మీర్ కూడా 1782లో అలాగే వచ్చాడు. కొత్త ఊరు తన ఢిల్లీకి సాటి రాదన్న బాధ ఆయన కవిత్వంలో కనిపిస్తుంది. ఆనాటి లక్నోను ఢిల్లీ రసికులు చప్పరించారు. నూరేళ్లు తిరగకుండానే అదే లక్నో, మెటియాబ్రుజ్‌ను కొలిచే ప్రమాణమైంది.

మన 'మాయాబజార్' సంగతీ ఇంతే. 1957 సినిమాను మనం మాతృక అనుకుంటాం. కానీ అదే శశిరేఖ కథను 1936లో పి. వి. దాస్ దర్శకత్వంలో తెలుగు తెర మీద చూపించారు. ఆ సినిమాకు 'శశిరేఖా పరిణయం' అని కూడా పేరుంది. తెరకంటే ముందు నాటకాలు, తోలుబొమ్మలాటలు ఉండనే ఉన్నాయి. కాబట్టి మొదటిది అనే మాటకు అర్థం ఏమిటంటే, పోల్చేవాడు ఎక్కడినుంచి చూడడం మొదలుపెట్టాడో అది. చరిత్రలో మనం ఒక చోట గీత గీసి 'ఇది అసలు' అంటాం. ఆ గీత మనం గీసిందేనని మరచిపోకూడదు.

బంగాళాదుంప తగాదా

ఇక రెండో ప్రశ్న. దేన్ని నిలుపుకోవాలి, దేన్ని మార్చవచ్చు? దీనికి బిర్యానీని మించిన ఉదాహరణ లేదు. మనకు హైదరాబాదు బిర్యానీ తెలుసు. పచ్చి మాంసాన్ని మసాలాలో నానబెట్టి, సగం ఉడికిన బియ్యం పైన పరచి, మూత అంచుకు పిండి మెత్తి దమ్ము పెట్టే 'కచ్చి' పద్ధతి దానిది. లక్నోలో మాంసాన్ని విడిగా వండి తరువాత అన్నంతో పొరలు వేస్తారు. దాన్ని 'పక్కి' అంటారు. కారం తక్కువ, పరిమళం ఎక్కువ. కోల్‌కతా బిర్యానీ ఈ లక్నో వంశానిదే. అయితే అందులో ఒక పెద్ద బంగాళాదుంప ఉంటుంది. చాలాచోట్ల ఉడికించిన గుడ్డు కూడా వేస్తారు.

ఈ దుంప ఎలా వచ్చింది? జనం చెప్పుకునే కథ ఇది: రాజ్యం పోయిన రాజుకు చాలినంత మాంసం కొనే స్తోమత లేక, వంటవాళ్లు దుంపతో సరిపెట్టారట. వినడానికి కథ బాగుంది, జాలి కూడా కలుగుతుంది. కానీ లెక్క వేసి చూడండి. ఏడాదికి 12 లక్షల పింఛను ఉన్నవాడు, పావురాల మీద వేలు కుమ్మరించినవాడు, పులులకు మాంసం పెట్టినవాడు, తన పళ్లెంలో మాంసం తగ్గించుకున్నాడా? ఆయనకు అప్పులున్న మాట నిజమే. వేలమందిని పోషించవలసి వచ్చిన మాట కూడా నిజమే. అయినా పేదరికం ఒక్కటే కారణమంటే కథ అతకదు. రాజవంశీకులు దీన్ని ఒప్పుకోరు. కొత్తగా ప్రచారంలోకి వస్తున్న దుంపను వింత రుచి కోసమే వేశారని, మాంసరసాన్ని, నేతిని అది పీల్చుకునే తీరు నచ్చి నిలుపుకున్నారని వారి వాదన.

ఈ రెండు కథల మధ్య తేడా వంటది కాదు, తీర్పుది. మొదటి కథ నకలును లోపంగా చూస్తుంది: అసలులో ఉన్నది ఇక్కడ లేదు, కాబట్టి దుంప. రెండో కథ మార్పును ఎంపికగా చూస్తుంది: ఇక్కడ దొరికినది బాగుంది, కాబట్టి దుంప. ఏ పునర్నిర్మాణాన్ని పోల్చేటప్పుడైనా మనం తెలియకుండానే ఈ రెండు కథల్లో ఒకదాన్ని ఎంచుకుంటాం. ముందు ఆధారం చూసి తరువాత కథ ఎంచుకోవడం చరిత్ర విద్యార్థి పద్ధతి. మరొక సంగతి కూడా చెప్పాలి. దుంప తీసేసి కోల్‌కతావాసికి బిర్యానీ వడ్డిస్తే, ఇది అసలైనది కాదంటాడు. ఒకనాటి మార్పు ఈనాటి ప్రమాణమైంది.

ఏది కూలింది, ఏది నిలిచింది

1887లో రాజు చనిపోగానే చిన్న లక్నో చెదిరిపోయింది. ఆయన ఆస్తిని చక్కబెట్టడానికి ప్రభుత్వం అదే ఏడాది ప్రత్యేకంగా ఒక చట్టం చేసింది. జంతువులను అమ్మేశారు. భవనాలు, తోటలు చేతులు మారాయి, చాలామటుకు కూలిపోయాయి. 1892లో పక్కనే ఖిదిర్‌పూర్ రేవు తెరిచారు. తోటల తీరం రేవుల, కర్మాగారాల తీరమైంది. రాజు తొలి నివాసమని చెప్పే బంగళా తరువాత బెంగాల్ నాగపూర్ రైల్వే చేతికి వచ్చింది. ఈ రైల్వే పేరు ఉత్తరాంధ్రవారికి పరాయిది కాదు. 1902 నుంచి వాల్తేరు దాకా రైళ్లు నడిపింది ఆ సంస్థే. 1955లో ఏర్పడిన సౌత్ ఈస్టర్న్ రైల్వే కూడా గార్డెన్‌రీచ్ కేంద్రంగానే పనిచేసింది. 2003 వరకు వాల్తేరు డివిజన్ దాని కిందే ఉండేది. బదిలీ మీద, ఉద్యోగం పని మీద గార్డెన్‌రీచ్ వెళ్లివచ్చిన తెలుగు రైల్వే కుటుంబాలు ఎన్నో. వారు నడిచిన నేల ఒకప్పటి చిన్న లక్నో.

మరి నిలిచినవేమిటి? ఇమాంబాడా నిలిచింది, ఎందుకంటే అక్కడ ఏటా మొహర్రం జరుపుకునే జనం ఉన్నారు. బిర్యానీ నిలిచింది, వండేవాళ్లు ఊళ్లోకి వెళ్లి దుకాణాలు పెట్టుకున్నారు కాబట్టి. గాలిపటాల సరదా కోల్‌కతా అంతటా పాకింది. సంగీతం నిలిచింది. తాన్‌సేన్ పరంపరకు చెందిన బసత్ ఖాన్, సరోద్ విద్వాంసుడు నియామతుల్లా ఖాన్ వంటివారు మెటియాబ్రుజ్ కొలువులో ఉన్నారు. ఠుమ్రీ అనే లలితమైన గానపద్ధతి అక్కడినుంచి కలకత్తా మేడల్లోకి పాకింది. వాజిద్ అలీ షా రచనగా చెప్పే 'బాబుల్ మోరా' ఠుమ్రీని 1938లో న్యూ థియేటర్స్ వారి 'స్ట్రీట్ సింగర్' సినిమా కోసం సైగల్ పాడాడు. సంగీత దర్శకుడు ఆర్. సి. బోరాల్. ఆ పాటను ఆయన తరువాత ఎంతమంది పాడినా, జనం సైగల్‌తోనే పోలుస్తారు. రాజుగారి గొంతు రికార్డు కాలేదు. అందుకే నకలే మాతృక స్థానంలో కూర్చుంది. ఇక ఇప్పటి మెటియాబ్రుజ్ పేరు చెబితే వ్యాపారులకు గుర్తొచ్చేవి రెడీమేడ్ దుస్తులు. 'ఓస్తాగర్' అని పిలిచే పెద్ద దర్జీల కింద వేలమంది కుట్టుపనివారు అక్కడ బతుకుతున్నారు.

ఈ జాబితాను శ్రద్ధగా చూస్తే ఒక సూత్రం తేలుతుంది. ఒక్క మనిషి పింఛను మీద ఆధారపడి ఉన్నవి ఆయనతోనే పోయాయి. నలుగురి చేతుల్లోకి, నోళ్లలోకి వెళ్లినవి బతికాయి. బతకడంలో కొంత మారాయి కూడా.

జపాన్ ఆలయం, జపాన్ ఆటలు

ఈ సూత్రాన్ని ముందే గ్రహించిన దేశం జపాన్. అక్కడి ఇసే అనే చోట ఉన్న షింటో ఆలయాన్ని ఇరవై ఏళ్లకొకసారి పక్కనున్న ఖాళీ స్థలంలో అదే కొలతలతో, కొత్త కలపతో మళ్లీ కడతారు. ఏడో శతాబ్దిలో మొదలైన ఆచారమిది. నడుమ యుద్ధకాలాల్లో ఆగినా, మళ్లీ అందుకున్నారు. 2013లో 62వసారి కట్టారు. కలప పాతది కాదు, కాబట్టి ఆలయం పాతది కాదనవచ్చు. కానీ కట్టే నేర్పు ఒక తరం వడ్రంగి నుంచి మరో తరానికి చేతి మీదుగా అందుతోంది. అక్కడ భద్రంగా ఉన్నది ఆ నేర్పు.

ఇప్పుడు ఆ దేశపు ఆటల దగ్గరకు వెళితే, అభిమానుల వాదన మనకు మరింత బాగా అర్థమవుతుంది. 'ఫైనల్ ఫాంటసీ సెవెన్' అనే ఆట 1997లో ప్లేస్టేషన్ యంత్రం మీద మూడు సీడీలలో వచ్చింది. 2020లో దాని పునర్నిర్మాణపు మొదటి భాగం, 2024లో రెండో భాగం వచ్చాయి. పాత ఆటలో కొద్ది గంటల్లో ముగిసే మిడ్గార్ నగర ఘట్టం ఒక్కటే కొత్తదానిలో పూర్తి ఆటంత పెరిగింది. వంతులవారీగా సాగిన పోరాటం ఎప్పటికప్పుడు కదిలే పోరాటమైంది. విశేషమేమిటంటే, పాత ఆటకు పాత్రల రూపం గీసిన తెత్సుయా నోమురా కొత్తదానికి దర్శకుడు. పాతదానికి దర్శకుడైన యోషినోరి కితాసే దీనికి నిర్మాత. తన రహస్‌ను తానే సవరించిన వాజిద్ అలీ షాలాగే, వీరు తమ పనిని తామే తిరగరాశారు. కొత్త కథలో కొన్ని నీడలు కనిపిస్తాయి. కథ పాత దారి తప్పబోయినప్పుడల్లా అవి అడ్డుపడి మళ్లీ పాత దారిలోకి తోస్తాయి. నాయకులు చివరకు ఆ నీడలతోనే పోరాడతారు. ఇది కొందరికి గొప్పగా తోచింది, కొందరికి తమ బాల్యాన్ని తాకినట్టనిపించింది. దుంప లేని బిర్యానీ కావాలనేవారూ, దుంప ఉంటేనే బిర్యానీ అనేవారూ ఇక్కడా ఉన్నారు.

రుచుల తగాదాతో పోయేదేం లేదు. అసలు నష్టం మరొకచోట ఉంది. కొత్తది రాగానే పాతది దొరకకుండా పోతే? 2021లో ఇదే వరసలోని ఐదో, ఆరో ఆటల కొత్త రూపాలు వస్తున్నప్పుడు, అంతకుముందు కంప్యూటర్ల కోసం అమ్మిన రూపాలను స్టీమ్ అనే దుకాణం నుంచి తీసేశారు. అమెరికాలో 2010కి ముందు వచ్చిన ఆటల్లో 87 శాతం మామూలు దుకాణంలో కొనడానికి దొరకవని అక్కడి వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో ప్రకటించింది. యంత్రాలు పాతబడతాయి, డిస్కులు చెడిపోతాయి. కైసర్‌బాగ్ ఫిరంగులతో పడిపోయింది. ఆటలకు ఫిరంగి అక్కరలేదు, పట్టించుకోకపోవడం చాలు.

పోల్చడం అంటే దాచిపెట్టడం

ఇక్కడికి వచ్చాక, మొదట చాదస్తమన్న ఆ పోలికల విలువ మీకు తెలిసే ఉంటుంది. షరర్ పావురాల రకాలను, తలపాగాల మడతలను, వంటల తేడాలను గీటుగీటునా రాస్తున్నప్పుడు ఆయనను చూసి కూడా ఎవరైనా నవ్వి ఉండవచ్చు. ఈనాడు రెండు లక్నోలూ లేవు. ఆ పోలిక రాతల్లోనే ఆ రెండింటి చిత్రం మిగిలింది. ఈ సంభాషణ మార్చారు, ఈ రాగం నెమ్మదించింది, ఈ ఊరి తలుపు తీసేశారు అని ఒక ఆట అభిమాని పట్టిక వేస్తే, తనకు తెలియకుండానే అతను షరర్ పని చేస్తున్నాడు. కొత్తది బాగుందా లేదా అన్న అతని తీర్పు రేపటికి మారవచ్చు. పట్టిక మాత్రం ఉపయోగపడుతుంది.

కాబట్టి ఇకమీదట మీరు పాతదాన్నీ కొత్తదాన్నీ పోల్చేటప్పుడు మూడు పనులు చేయండి. మీరు అసలు అనుకుంటున్నదానికి ముందు ఏముందో ఒకసారి వెనక్కి వెళ్లి చూడండి. మార్పు కనబడగానే లోపమనకుండా, దాని వెనుక లేమి ఉందో ఎంపిక ఉందో ఆధారాలతో అడగండి. అన్నిటికంటే ముఖ్యంగా, తేడాలను తారీఖుతో సహా రాసి పెట్టండి. మీ అమ్మమ్మ చేసిన పులుసుకూ మీ అమ్మ చేసే పులుసుకూ తేడా, మీ ఊరి పాత రథానికీ కొత్త రథానికీ తేడా, మీ పేటలో పాత బడికీ కొత్త బడికీ తేడా, ఏదైనా సరే.

కోల్‌కతా వెళ్లినప్పుడు తీరిక చేసుకుని మెటియాబ్రుజ్‌కు కూడా వెళ్లండి. దుస్తుల మూటలతో కిటకిటలాడే వీధి పక్కన సిబ్తైనాబాద్ ఇమాంబాడా ఉంటుంది. లోపల వాజిద్ అలీ షా సమాధి ఉంటుంది. ఆ తరువాత ఎప్పుడైనా లక్నో వెళితే, హజ్రత్‌గంజ్‌లో అదే పేరున్న ఇమాంబాడాలో ఆయన తండ్రి సమాధి దగ్గరకు కూడా వెళ్లండి. రెండూ చూసి వచ్చాక, ఏది ఎలా ఉందో ఒక కాగితం మీద రాసుకోండి.